మేస్త్రీ పడక

వెనక్కి తిరిగి చూడకూడదు. పరుపుల దుకాణంలో ఇన్నేళ్లుగా తు.చ. తప్పకుండా పాటిస్తున్న నియమాన్ని ఇవాళ సొంతింట్లో తానే గాలికి వదిలేస్తే ఇక చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది అనుకుంటూ, పరుపులమ్మ కుర్చీని గోడ వైపు తిప్పి వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గోడ మీద చూడదగ్గదేమీ లేదు. ఒక మేకు, దానికి వేలాడుతున్న దబ్బనాల సంచి, ఎప్పుడో కారిన నీటి మరక. ఆ మరకని చూస్తూ కూర్చోవడం తప్ప ఇప్పుడు పనేం లేదు, ఎందుకంటే చేయవలసిందంతా పొద్దుట్నుంచి చేసేసింది, ఇక మిగిలింది వెనకాల కిటికీ కింద, పాత మంచం చెక్కలతో కొడుకు కట్టిన పెద్ద పెట్టెలో ఉన్న ఆ ప్రాణి ఇష్టం. ఆ ప్రాణి కోడలి తాబేలు, పేరు మేస్త్రీ. కనబడిన ప్రతి గోడనీ తలతో తట్టి, గట్టిగా కట్టారో లేదో చూస్తున్నట్టు కాసేపు ఆగి, పక్క గోడ దగ్గరికి నడిచే అలవాటు చూసి కోడలు చిన్నప్పుడే ఆ పేరు పెట్టిందట. కోడలు కళ్లద్దాల దుకాణం నుంచి ఇంటికొచ్చేసరికి మేస్త్రీ ఈ కొత్త పడకలో కుదురుకున్నాడా, సరే, ఇంట్లో ఉంటాడు. కుదురుకోలేదా, కోడలితో పాటు వచ్చే స్నేహితురాలి అట్టపెట్టెలోకెక్కి, తోట ఉన్న వాళ్లింటికి వెళ్లిపోతాడు. వాడు వెళ్లిపోతే కోడలి మనసులో సగం వాడి వెంటే వెళ్లిపోతుందని పరుపులమ్మకి ఒకరు చెప్పనక్కర్లేదు.

టక్. చెక్కకి తల తగిలింది. చూడకు. చూసినంత మాత్రాన కుదురుతాడా ఏమన్నా, చూస్తే ఎవరూ కుదురుగా పడుకోరు, అసలు దుకాణంలో ఆ నియమం పుట్టిందే అందుకు. పరుపు కొనడానికి వచ్చినవాళ్లని ఒకసారి పడుకుని చూడమంటే, ఎదురుగా ఆడమనిషి నిలబడి ఉండగా వాళ్లు పడుకునే తీరు చూడాలి, కాళ్లు దగ్గరికి లాక్కుని, చేతులు కడుపు మీద పెట్టుకుని, ఫొటోకి నిలబడ్డట్టు బిగదీసుకుని, రెండు క్షణాల్లో లేచి కూర్చుని చాలా బాగుందండీ అనేవాళ్లు. ఆ బాగుందండీని ఆమె ఏనాడూ నమ్మలేదు. నోటితో చెప్పేది మర్యాద, ఆమెకి కావలసింది నడుం మాట. అందుకని తెర లాగేసి, మీ ఇష్టం వచ్చినంతసేపు పడుకోండి, నేను చూడను, అని వీధి గుమ్మంలోకొచ్చి అటు తిరిగి నిలబడేది. లోపల మొదట అటు పొర్లి ఇటు పొర్లిన చప్పుడు, ఒక దగ్గు, ఒక నిట్టూర్పు, ఆ తర్వాత ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడం కోసమే ఆమె చెవులు రిక్కించుకుని నిలబడేది. బేరమాడటానికి నడుం బిగించి వచ్చిన బడి హెడ్మాస్టరు తెర వెనక గుర్రు పెట్టి నిద్రపోతే, ఆయన ఇల్లాలు వెతుక్కుంటూ వచ్చి, ఇంట్లో ఇలా పడుకోగా నేనెప్పుడూ చూడలేదమ్మా అంటూ ఆ పరుపునే మోయించుకుపోయింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎవరింట్లో చూసినా వెన్ను కింద ఆమె చేతి పనే, ఇంతమంది తన మీద భరోసాతో కళ్లు మూసుకుంటున్నారు కదా అని పొద్దున్నే దుకాణం తలుపు తీసేటప్పుడు ఆమెకి రోజూ ఒకసారి ఒళ్లు పొంగుతుంది. ఆ పొంగుని ఆమె ఎప్పుడూ దాచుకోలేదు, దాచుకోవలసిన అవసరం కూడా కనపడలేదు.

అమ్మాయి కూడా అలాగే పడుకుంది. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, ఇంకా కోడలు కాని రోజుల్లో, కొడుకు వెనకాల సగం దాక్కుని, నోట్లో నాలుక ఉందో లేదో తెలియనట్టు నవ్వుతూ నిలబడితే, పరుపులమ్మకి ఆ పిల్లని ఎలా పలకరించాలో తెలియక, తనకి తెలిసిన ఒకే ఒక్క మర్యాద చేసింది, దుకాణంలోకి తీసుకెళ్లి, కాసేపు పడుకోమ్మా అని తెర లాగేసింది. కొడుకు తల పట్టుకున్నాడు, పెళ్లి చూపుల్లో ఎవరైనా పిల్లని పడుకోబెడతారా అమ్మా అని గొణిగాడు. లోపల కొంచెం సేపు చప్పుడే లేదు, భయపడి బిగదీసుకుని ఉందేమో అనుకుంది, తర్వాత తెర కింద నుంచి ఒక చెయ్యి మెల్లగా జారి, వేళ్లు విచ్చుకుని, నేలకి తగిలీ తగలనట్టు వేలాడింది. అంతే. ఆ వేలాడిన చెయ్యి చూసి పరుపులమ్మ, ఈ పిల్ల మా ఇంటి పిల్లే అని కొడుకు చెవిన వేసింది. ఆ తర్వాత ఇంట్లో అడుగుపెట్టిన రోజున ఆ పిల్ల పెట్టే బేడా పక్కన పెట్టి ముందు ఒళ్లో పొదివి పట్టుకుని దింపింది ఈ మేస్త్రీనే. ఎనిమిదేళ్ల వయసు నుంచి తనతో ఉన్నాడట, ఊళ్లు మారినా ఇళ్లు మారినా వీడు మాత్రం మారలేదట.

గరగర. గోళ్లు చెక్క మీద గీస్తున్నాయి, గీస్తూనే ఉన్నాయి, మూలన నిలబడి పైకెక్కాలని చూస్తున్నాడు, అంటే నచ్చలేదు. అయ్యో రామా, నచ్చలేదు. పడక నచ్చని తాబేలు మూలన చేరి గోడ గీకుతుందని పశువుల డాక్టరమ్మ చెప్పనే చెప్పింది, కానీ కొత్త చోట మొదట కాసేపు ఎవరైనా అలాగే చేస్తారని కూడా చెప్పింది, రెండోది ముందు గుర్తు చేసుకోవాలి, మొదటిది తర్వాత. గాభరా పడకు. పొద్దున గాభరా పడింది చాలు. పొద్దున కొడుకు బూట్ల తాళ్లు కట్టుకుంటూ, వాడు లిఫ్టులు బాగుచేసే మనిషి, మాటలు కూడా పైకీ కిందకీ చూసి గానీ వదలడు, తల ఎత్తకుండానే అన్నాడు కదా, అమ్మా, మేస్త్రీని ఇవాళ సాయంత్రం వాళ్ల షాపులో పనిచేసే అమ్మాయికి ఇచ్చేస్తోంది, నీతో చెప్పొద్దంది, నేను చెప్పలేదనుకో. ఎందుకురా, అంటే, ఇంట్లో చోటు చాలట్లేదంది. ఒరే, ఈ ఇంట్లో పరుపులు గుట్టలు గుట్టలుగా పెట్టి కూడా మనం తిరుగుతున్నాం, అరచేతి మీద పట్టే ప్రాణికి చోటు చాలకపోవడం ఏంట్రా, అని నిలదీస్తే, అప్పుడు రెండో బూటు తాడు కూడా కట్టేసి, లేచి నిలబడి, తలుపు దాకా వెళ్లాక చెప్పాడు, నీ పరుపు వల్లేనమ్మా, వాడు దూది తినేస్తున్నాడు, ముక్కు కారుతోంది, నిన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది, నువ్వు అంత ప్రేమగా కుడితే తీసెయ్యమని ఎలా చెప్పనని రాత్రంతా ఏడ్చింది. చెప్పేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు. లిఫ్టుల వాడు ఎప్పుడూ మెట్ల మీదే దిగుతాడు.

నీ పరుపు వల్లే. ఆ మాట ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఎంత మురిసిపోతూ కుట్టింది దాన్ని, నీలం చారల మందపాటి గుడ్డ, పెళ్లి పరుపులకి తప్ప తీయని పొడుగు పోగు దూది, చేత్తో విదిలించి విదిలించి మబ్బులా చేసి, నాలుగంచులూ పైపింగు వేసి, దూది పోగుపడకుండా మధ్యమధ్యన కుచ్చులు బిగించి, చివరికి ఒక దిండు కూడా. తాబేలుకి దిండేంటని కొడుకు నవ్వితే, తలంటూ ఒకటుంది కదరా అంది. వీధిలో వాళ్లు పనిగట్టుకుని వచ్చి చూసి వెళ్లారు, టైలరు తన అద్దాలు తీసి తుడుచుకుని మరీ కుట్టు చూశాడు. కోడలు దాన్ని రెండు చేతులతో అందుకుని గుండెకి హత్తుకుంది. చాలా బాగుందత్తయ్యా అంది. మేస్త్రీ ఆ కుచ్చుల్ని నోటితో పట్టి లాగుతుంటే, చూశావా, ఎంత ముద్దు చేస్తున్నాడో అని పరుపులమ్మ మురిసింది, పిల్ల కూడా నవ్వింది, ఇప్పుడు తలచుకుంటే ఆ నవ్వు నవ్వులా లేదు, కానీ అప్పుడు కళ్లకి పొరలు కమ్మాయి, తన కుట్టు తప్ప ఇంకేమీ కనపడలేదు. వాడు తిండనుకుని దూది మింగుతున్నాడు, పొడి దూది ధూళి పీల్చి పీల్చి కళ్లు వాచాయి, ఆ పిల్ల అది చూస్తూ, చూస్తూ కూడా, పెదవి విప్పలేదు.

ఆ పెదవి విప్పకపోవడం మీద పరుపులమ్మకి కోపం రావాలి. వచ్చింది కూడా, ముక్కు మీద ఉండే కోపం కదా. కానీ వచ్చినది వచ్చినట్టే దిగిపోయింది, ఎందుకంటే ఎడమ భుజం కింద ఆ గడ్డ గుర్తొచ్చింది. పరుపులమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె అత్తగారు, పెద్దావిడ, ఈ పనంతా నేర్పిన మనిషి, కోడలి కోసం స్వయంగా ఒక పరుపు కుట్టింది. దాంట్లో సరిగ్గా ఎడమ భుజం వచ్చే చోట నిమ్మకాయంత గడ్డ ఉంది. విదిలించని దూది ముద్ద ఎలా పడిందో మరి. ఎంత చెబుదామనుకున్నా పెద్దావిడ మొహం చూడగానే మాట గొంతులోనే ఆగిపోయేది, ఆవిడ పనికి వంక పెట్టడమా, అదీ నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. కుడి పక్కకి తిరిగి పడుకోవడం అలవాటు చేసుకుంది, ఇప్పటికీ కుడి పక్కకే. ఒకరోజు పెద్దావిడ దుప్పటి మార్చుతూ పరుపు మీద చెయ్యి నిమురుకుంటూ వచ్చి, ఆ గడ్డ దగ్గర చెయ్యి ఆపింది. ఆపి, తలెత్తి కోడలి వైపు చూసింది. ఒక్క క్షణం. ఇది చెప్పడానికి సమయం అని ఇద్దరికీ తెలుసు. కోడలు చూపు దించుకుంది, పెద్దావిడ దుప్పటి చివర్లు దోపి వెళ్లిపోయింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఎన్నో ఏళ్లు పక్కపక్కన కూర్చుని కుట్టారు, నవ్వుకున్నారు, జ్వరాల్లో ఒకరికొకరు సేవ చేసుకున్నారు, కానీ ఆ గడ్డంత దూరం ఇద్దరి మధ్యా చివరిదాకా అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి ఎందుకు ఆగింది, చెబుతుందేమోనని చూసిందా, చెప్పదని తెలిసి బాధపడిందా, ఇక ఎవర్ని అడగాలి.

అందుకే పొద్దున ఆమె దుకాణం తలుపు తీయలేదు. ఆమె దుకాణం తీయకపోవడమంటే వీధిలో వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేంత పని. నేరుగా పశువుల ఆసుపత్రికి వెళ్లింది. డాక్టరమ్మ చిన్నపిల్ల, చేతుల నిండా పిల్లి గోళ్ల గీతలు, తాబేలు మాట ఎత్తగానే గుర్తుపట్టేసి, నిన్న వచ్చిన తాబేలు వాళ్లింటి నుంచా, అంటూ లోపల్నుంచి నీలం చారల పరుపు తెచ్చి బల్ల మీద పెట్టింది, కోడలు పరీక్ష కోసమని దాన్ని కూడా పట్టుకెళ్లి అక్కడే వదిలి వచ్చిందన్నమాట. ఇది కుట్టినవాళ్లెవరో గానీ, అని డాక్టరమ్మ మొదలుపెడితే, పరుపులమ్మ తల ఎత్తి, నేనే, అంది. ఎందుకో తల దించుకోవాలనిపించలేదు. తప్పు దూదిది కాదు, కుట్టుది కాదు, పడుకునేవాడెవడో అడగకుండా పరుపు వేసిన తనది, అదొక్కటే ఒప్పుకుంటుంది, కుట్టుని మాత్రం ఎవరి ముందూ తక్కువ చేయదు. డాక్టరమ్మ నవ్వేసింది. పరుపు అద్భుతంగా ఉందండీ, తాబేలుకి తప్ప ఎవరికైనా పనికొస్తుంది, మా అమ్మకి ఇలాంటిదొకటి కావాలి, అంది. వాడి కడుపులో దూది నిన్నే బయటికొచ్చేసిందని, కళ్లకి మందు వేశానని, ప్రాణానికి భయం లేదని, కానీ పడక మార్చకపోతే మళ్లీ మొదటికొస్తుందని చెప్పింది. అయితే ఎలాంటి పడక వెయ్యాలో చెప్పండి, నేను వేస్తాను, అని పరుపులమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఆ మాటలన్నీ ఇప్పుడు గోడ మీద మరకని చూస్తుంటే ఒక్కొక్కటిగా తిరిగి వస్తున్నాయి. గుడ్డా దూదీ సరే, అవి పోయాయి. ఎదురింటి వడ్రంగి దగ్గర గుట్టలుగా పడి ఉండే చెక్కపొట్టు ఎంత మెత్తన, ఎంత కమ్మటి వాసన, ఆ కమ్మటి వాసనే వీడికి విషమట, ఆ నూనెలు ఊపిరికి అడ్డం పడతాయట. కాగితాలు పరిస్తే కాళ్లు జారి నడక పాడవుతుంది. ఉత్త ఇసుక వేస్తే ఆకులతో పాటు మింగి కడుపులో రాయి కడుతుంది. మొక్కల కొట్లో అమ్మే నల్లమట్టిలో ఎరువులూ, మట్టి గుల్లగా ఉండటానికి వేసే తెల్లపూసలూ కలిపి ఉంటాయి, అది అసలే వద్దు. వింటూ వింటూ పరుపులమ్మ దుకాణంలో ఉన్న సరుకంతా మనసులోనే అటక మీద నుంచి దించి చూసి, ఇది కాదు, ఇది కాదు అని మళ్లీ ఎక్కించేసింది. ఇక ఏముంది మరి అంటే, ఏమీ కలవని మామూలు మట్టి, కొంచెం కడిగిన ఇసుక, కొబ్బరి పొట్టు, అంది డాక్టరమ్మ. కొబ్బరి పొట్టు. పీచు పరుపులకి పీచు దులిపేటప్పుడు రాలే పొడి, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఊడ్చి ఊడ్చి గోనెసంచిలో తొక్కి, మొక్కల వాళ్లు పట్టుకుపోయేదాకా పెరట్లో పడేసే చెత్త. ఎందుకు పడేస్తామంటే అది నీళ్లు పీల్చుకుని వదలదు, పరుపులో పిసరంత ఉన్నా లోపల తడి నిలిచి ముక్కిపోతుంది. అదే కావాలండీ, అడుగున తడి నిలవాలి, పైన పొడిగా ఉండాలి, వాడు లోపలికి తవ్వుకుని ఆ చల్లదనంలో పడుకుంటాడు, చర్మానికీ ఊపిరికీ అదే మందు, అంది డాక్టరమ్మ.

తడి. జీవితమంతా ఆమె కత్తి దూసింది ఆ తడి మీదే. మబ్బు పడితే పరుగెత్తి దూది ఎత్తింది, గోడలకి చెమ్మ కనపడితే సున్నం వేయించింది, పరుపు మీద పెట్టిన అరచెయ్యి ఏమాత్రం చల్లగా తగిలినా విప్పి మళ్లీ ఎండలో వేసింది. పెద్దావిడ నేర్పిన మొదటి పాఠమే అది. అలాంటి చేతులతో ఇవాళ మధ్యాహ్నం తనే నీళ్లు పోసి పడక కలిపింది. కొబ్బరి పొట్టులో ఉప్పు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగింది. పెరటి గోడవారన ఏనాడూ ఎరువు పడని చోట మట్టి తవ్వి, జల్లెడ పట్టి, గాజుపెంకు గానీ మేకు గానీ ఉందేమోనని వేళ్లతో వెతికింది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీటిబొట్టు రాలకూడదు అని డాక్టరమ్మ చెప్పిన కొలత వినగానే ఆమెకి నవ్వొచ్చింది, పిడికిలి కొలతలు ఆమెకి ఒకరు చెప్పాలా, దూది బరువు పిడికిట్లోనే చూసే మనిషికి. మొదటిసారి నీరు కారింది, మట్టి కలిపింది, రెండోసారి పొడిగా విరిగింది, నీళ్లు చిలకరించింది, మూడోసారి ముద్ద ముద్దలా నిలబడితే అరచేతిలో దాన్ని అలాగే కాసేపు పట్టుకుంది. చల్లగా తగిలింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ చల్లదనం చూసి ఒళ్లు జలదరించలేదు, పైగా కొత్త పని ఒకటి చేతికి పట్టుబడినప్పుడు ఎప్పుడో చిన్నతనంలో కలిగిన పొగరు లాంటిది ఒకటి మళ్లీ కలిగింది. ఈ వయసులో, ఈ చేతులతో, రానిదాన్ని రప్పించుకుంది. బెత్తెడు లోతున పరిచి, అరచేత్తో సమంగా చదును చేసి, ఒక మూల కొడుకు బిగించిన వెచ్చటి దీపం కింద చదునురాయి ఒకటి పెట్టి, వాడిని మధ్యలో దింపి, కుర్చీ తిప్పుకుంది. ఆ కుర్చీలో తను ఇప్పుడు కూర్చున్నది నీలం చారల పరుపు మీదే, ఆసుపత్రి నుంచి చంకలో పెట్టుకొచ్చింది. సరిగ్గా కుర్చీకి సరిపోయింది. నడుముకి హాయిగా ఉంది కూడా, కుట్టు అంటే కుట్టే.

చప్పుడు మారింది. చెక్క మీద గోళ్ల చప్పుడు కాదు ఇది, మెత్తగా ఉంది, ముందుకి ఒక తోపు, ఆగడం, మళ్లీ ఒక తోపు, ఏదో జల్లున రాలి చెక్కకి తగలడం. మట్టి. మట్టి ఎగజిమ్ముతున్నాడు. పరుపులమ్మ రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుంది, మెడ తనంతట తనే తిరగబోతుంటే బలవంతంగా మరక వైపే ఉంచింది. చూడకు, తెర లాగేశావు, చూస్తే బిగదీసుకుంటాడు. తోపు, ఆగడం, జల్లు. హెడ్మాస్టరు కూడా ఇంతసేపు పొర్లలేదు నాయనా. అద్దాల దుకాణంలో కోడలు ఇలాగే కదా తనని కూర్చోబెట్టింది, చూపు మసకబారిందని కొడుకు లాక్కుపోతే, ఇనప చట్రం ముక్కు మీద పెట్టి, అద్దాలు మార్చి మార్చి, ఇప్పుడు బాగుందా, పోనీ ఇప్పుడు, ఇదా ఇందాకటిదా, అని ఓపికగా అడుగుతుంటే, చిన్నపిల్లని పాపం ఎంత శ్రమ పెడతాం అని బాగుంది బాగుందనేసింది పరుపులమ్మ. ఆ పిల్ల చట్రం తీసేసి, ఎదురుగా వంగి కూర్చుని, మొహమాటపడకండత్తయ్యా, మొహమాటానికి సరైన అద్దం పడదు, అంది. అంత మెత్తటి పిల్ల, అంత గట్టి మాట. అక్కడ రోజంతా జనం చేత నిజం చెప్పించే పిల్ల ఇంటికొచ్చేసరికి నోరు కట్టేసుకుందంటే ఆ పిల్లకి ఈ ఇల్లు ఇంకా ఇల్లు కాలేదన్నమాట. పడుకోవడానికి చోటిచ్చాను గానీ పొర్లడానికి ఇవ్వలేదు అనుకుంది. ఆ వెంటనే వెనకాల నిశ్శబ్దమైందని గమనించింది. తోపు లేదు. జల్లు లేదు. అలసిపోయాడా, మూలన చేరి నిలబడిపోయాడా, లేక. లేక అన్న దాని తర్వాత మాట ఆమె అనుకోలేదు, అనుకుంటే తిరిగి చూసేస్తుంది. కిటికీలోంచి వచ్చే ఎండ మరక మీద నుంచి మెల్లగా మేకు దగ్గరికి జరిగింది.

మెట్ల మీద రెండు జతల చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుంది. గోడకేసి చూస్తూ కూర్చున్న అత్తగారిని చూసి కోడలు గుమ్మంలోనే ఆగింది, వెనక ఆ స్నేహితురాలు అట్టపెట్టె పట్టుకుని నిలబడింది. తర్వాత కోడలు పెట్టె దగ్గరికి నడిచింది, ఆ నడక వెనక్కి తిరగకుండానే పరుపులమ్మకి తెలుస్తోంది, అడుగు, అడుగు, ఆగిపోయింది.

"అత్తయ్యా, మేస్త్రీ ఏడీ?"

అప్పుడు పరుపులమ్మ లేచి తిరిగింది. పెట్టెలో తను చదును చేసిన నేల చదునుగా లేదు. ఒక పక్కన ఇల్లు కట్టే చోటులా తవ్విపోసి ఉంది, అవతలి మూలన మట్టి ఉబ్బెత్తుగా లేచి, దాని అంచున చిప్ప గోరంత మాత్రం బయటికి కనిపిస్తోంది. వెనక కాలు ఒకటి మట్టిలోంచి జారి, వేళ్లు విచ్చుకుని, కదలకుండా ఉంది. పరుపులమ్మకి తెర కింద వేలాడిన ఆ చెయ్యి గుర్తొచ్చింది.

"పడుకున్నాడు. లేపకు," అంది.

కోడలు మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు, దూది, నీలం చారల పరుపు, డాక్టరమ్మ, ఏ మాటా ఎవరూ ఎత్తలేదు, ఎత్తనక్కర్లేకుండానే అన్నీ తెలిసిపోయాయి. చెయ్యి చాచి మట్టి మీద మెల్లగా నిమిరింది. చాలా బాగుందత్తయ్యా, అంది. అంటూనే, దీపం ఉన్న మూలకి వచ్చేసరికి ఆ చెయ్యి ఆగింది. ఆగి, పిల్ల తలెత్తి అత్తగారి వైపు చూసింది. పరుపులమ్మకి ఆ చూపు తెలుసు, ఆ ఆగడం తెలుసు, ఎడమ భుజం కింద ఒక్కసారి ఏదో కదిలింది. ఒకప్పుడు పెద్దావిడ దుప్పటి దోపి వెళ్లిపోయింది ఇక్కడే. ఆమె వెళ్లలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, కోడలి పక్కన తనూ నేల మీద చతికిలబడింది.

"ఇప్పుడు బాగుందా అమ్మాయ్? మొహమాటపడకు. మొహమాటానికి సరైన అద్దం పడదని నువ్వే అన్నావు."

గుమ్మంలో స్నేహితురాలు అట్టపెట్టెని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

"ఈ మూల ఎండిపోయిందత్తయ్యా," అంది చివరికి, మట్టి మీద నుంచి కళ్లెత్తకుండా. "దీపం కింద కదా, ఇక్కడ నీళ్లు చాల్లేదు." ఆగి, ఊపిరి పీల్చుకుని, ఇక వచ్చిన మాట ఎలాగూ వచ్చిందని కాబోలు, "లోతు కూడా ఇంకో పిడికెడు ఉండాలి. వాడి వీపు పైకొచ్చేస్తోంది చూడండి," అంది.

ఒక్కటి కాదు, రెండు వంకలు. ఈ చేతులు పరిచిన పడకకి ఇంతవరకు వీధిలో గానీ దుకాణంలో గానీ ఎవరూ, ఆఖరికి హెడ్మాస్టరు కూడా, వంక పెట్టి ఎరగరు. తన పనికి వంక పెట్టించుకున్న మనిషి మొహం ఎలా ఉండాలో పరుపులమ్మకి తెలియదు, అద్దంలో చూసుకుంటే ఎలా ఉండేదో గానీ, ఆ క్షణాన ఆమె మొహం బహుమతి అందుకున్న పిల్ల మొహంలా ఉంది. గుమ్మం వైపు తిరిగి స్నేహితురాలితో, ఏమీ అనుకోకమ్మా, ఆ పెట్టె ఖాళీగానే తీసుకెళ్లాలి నువ్వు, ఈసారి వచ్చినప్పుడు తీరిగ్గా రా, మా పరుపు మీద కాసేపు పడుకుందువు గాని, అంది. ఆ అమ్మాయి అయోమయంగా తల ఊపింది. కోడలు చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఫక్కున నవ్వింది, ఈసారి నవ్వు నవ్వులాగే ఉంది.

పరుపులమ్మ మోకాళ్ల మీద చేతులు వేసి లేచింది. నేను చేసింది సరిపోలేదని నా కోడలు నా మొహం మీదే చెప్పింది అని వీధిలో అందరికీ వినబడేలా చెప్పాలనిపించింది, టైలరుకైతే ముందుగా చెప్పాలి. తల ఎత్తుకుని వంటింట్లోకి నడిచి, కుళాయి తిప్పి, చెంబు నిండా నీళ్లు పట్టింది.